మనసొప్పిన చోటు



విజయనగరంలో సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహించమంటే కాదనే తెలుగువాడుండడు. కథోలిక బోధనలో మానవ స్వేచ్ఛ, మనస్సాక్షి అనే విషయం మీద మాట్లాడాలన్నప్పుడు మాత్రం ఒక రోజు గడువడిగాను. నేను వేదాంతిని కాను. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆదివారం పూజకు వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఆ గడువు రోజున మా వీధి చివరి మామ్మ నా పని సగం చేసిపెట్టింది.

అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మాటల్లో ఎన్నికల ప్రస్తావన వచ్చింది. "రెండు పార్టీలోళ్ళూ ఇయ్యడానికొచ్చినారు మేస్టారూ. ఒకల దగ్గిరే తీసుకున్నాను. ఆళ్ళకే ఏసినాను. డబ్బులు తినీసి ఏయకపోతే మనసొప్పుతాదేటి?" అంది. మామ్మ మెళ్ళో జపమాల ఉంటుంది. ఉండబట్టలేక అడిగాను: "మరి పాపసంకీర్తనంలో ఫాదర్‌గారికి చెప్పేవా?" చేతిలో గింజ అలాగే పట్టుకుని నా వైపు వింతగా చూసింది. "అందులో పాపమేటున్నాది? తీసుకుని ఏయకపోతే గదా పాపం!"

ఆవిడ నోట వచ్చిన 'మనసొప్పడం' దగ్గర కాసేపు ఆగుతాను. మనసుకు నచ్చడం వేరు, మనసొప్పడం వేరు. నచ్చేది రుచికి సంబంధించినది. ఒప్పు అలాంటిది కాదు. తప్పొప్పుల్లోని ఒప్పు అదే, అంగీకారమూ అదే, నేరం చేసినవాడు చివరికి చేసే ఒప్పుకోలూ అదే. సరైనది, సమ్మతించినది, నోరు విప్పి చెప్పినది, ఈ మూడింటినీ తెలుగు ఒక్క ధాతువులో కట్టి పెట్టింది. లాటిన్‌లో మనస్సాక్షికి ఉన్న మాటకు 'కలిసి తెలుసుకోవడం' అని అర్థం. మనం సాక్షిని తెచ్చుకున్నాం. సాక్షి అంటే కళ్ళారా చూసినవాడు. వాడు వాదీ కాడు, ప్రతివాదీ కాడు. పుస్తకాల తెలుగులో మనస్సాక్షి అని రాసుకునే మనం అరుగు మీద మనసొప్పలేదంటాం. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు బతికుంటే రెండో మాటకే ఓటేసేవారు, డబ్బు పుచ్చుకోకుండా.

ఇప్పుడు మామ్మ సంగతి. 1274లో కన్నుమూసిన థామస్ అక్వినాస్ ఈ చిక్కును మనకంటే ముందే విప్పి చూశాడు. మనస్సాక్షి పొరబడవచ్చు. పొరబడినా, అది తప్పని చెబుతున్న పనిని చేస్తే పాపమే. ఎంత దూరం వెళ్ళాడంటే, క్రీస్తును నమ్మడం చెడ్డపని అని ఒకడి బుద్ధికి నిజంగా తోస్తే, అలా తోస్తుండగా నమ్మడం కూడా వాడికి తప్పే అన్నాడు. మధ్యయుగపు సన్యాసి అన్న మాట ఇది! అక్కడితో ఆగలేదు. అంతరంగం మాట విన్నంత మాత్రాన ప్రతివాడూ నిర్దోషి అయిపోడు. తెలుసుకోవలసినది తెలుసుకోకుండా బద్ధకించినవాడు ఆ పొరబాటుకు తానే జవాబుదారీ. 1992 నాటి కథోలిక సత్యోపదేశ గ్రంథమూ ఈ దారే పట్టింది: మనస్సాక్షికి లోబడాలి, దానికి చదువూ చెప్పించాలి.

మామ్మ మనస్సాక్షి బద్ధకించలేదు. అది నేర్చుకున్న పాఠం ఉప్పు తిన్న విశ్వాసం. మంచి పాఠమే, వాడిన చోటే తేడా. చెడ్డ పనికి ఇచ్చిన మాట కట్టిపడెయ్యదని నీతిశాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. కల్లుముంత మీద ఒట్టేసి దొంగతనానికి ఒప్పుకున్నవాడు మాట తప్పితేనే మంచిది. నోటు తీసుకున్నా ఓటు సొంతమే. ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. గుడిలో చెప్పలేదు, బడిలో చెప్పలేదు. అదే వీధిలో ఉండీ నేను చెప్పలేదు.

మనస్సాక్షికి చదువు చెప్పేది ఎవరు? ఈ ఊళ్ళో నిలబడి ఆ ప్రశ్న వేసి గురజాడను తలవకపోతే తప్పు. ఆయన కన్యాశుల్కం నాటకం చివర్లో వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళుతుంది. ఆయన వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న పెద్దమనిషి. ముసలి లుబ్ధావధాన్లను హత్య కేసులోంచి బయట పడేసే కీలకం ఆమె చేతిలో ఉంది. దానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. ఒక మనిషి ప్రాణం కోసం నియమం సడలించడానికి ఆయన సిద్ధపడే సరికి ఆమే ఆపేస్తుంది, చెడనివాళ్ళను చెరచొద్దని తల్లి చెప్పిన మాట గుర్తు చేసుకుని. ఆ తల్లి ఎవరు? లోకం దృష్టిలో నీతికి బయట ఉన్న మనిషి. మనస్సాక్షి మఠంలోనే తయారవుతుందనుకునేవాళ్ళు, మా వాళ్ళలోనూ ఉన్నారు, ఆ రంగం ఒకసారి చదవాలి. చేతికందినదాన్ని వద్దనగలిగిన ఆ క్షణంలో నాటకం మొత్తం మీద మధురవాణి కంటే స్వేచ్ఛగా ఉన్నవాళ్ళు నాకు కనబడరు. కథోలిక బోధన స్వేచ్ఛ అనేది కూడా ఇలాంటిదే. ఎంచుకునే శక్తి అందరికీ ఉంటుంది, మంచి వైపు నడిచేకొద్దీ అది బలపడుతుంది. అదే నాటకంలో గిరీశం ఎన్నెన్ని ఎంచుకున్నాడు! ఏ ఒక్కటీ వదులుకోగలిగాడా?

నా సంఘం చరిత్రను ఇక్కడ దాచిపెడితే ఈ ఉపన్యాసమే దొంగసాక్ష్యం అవుతుంది. 1832లో పదహారవ గ్రెగరీ, 1864లో తొమ్మిదవ పయస్ పోపులు మత స్వేచ్ఛ వాదాన్ని ఖండించారు. 1875లో జాన్ హెన్రీ న్యూమన్, పోపు అధికారానికీ మనస్సాక్షికీ పోటీ పెడితే ముందు మనస్సాక్షికే జేజేలంటానని రాశాడు. తొంభై ఏళ్ళకు, 1965 డిసెంబరు 7న, రెండవ వాటికన్ మహాసభ మత స్వేచ్ఛను మనిషి గౌరవంలోంచే పుట్టిన హక్కుగా ఒక పత్రంలో ఒప్పుకుంది. 2,308 మంది సరే అన్నారు, 70 మంది వద్దన్నారు. ఆ డెబ్భై మందికీ తమ మనస్సాక్షే అడ్డొచ్చి ఉంటుంది. ఆ పత్రానికి అంతకంటే రుజువేం కావాలి?

మనస్సాక్షి కోసం ప్రాణమే ఇచ్చినవాడూ ఉన్నాడు. ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్ అనే ఆస్ట్రియా రైతు హిట్లర్ సైన్యంలో పోరాడనన్నాడు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. స్వయంగా బిషప్పే నచ్చజెప్పినా వినలేదు. 1943 ఆగస్టు 9న తల నరికారు. 2007లో అదే సంఘం అతణ్ణి ధన్యుడిగా ప్రకటించింది. బిషప్పు మాట కాదన్నవాడికి పీఠం వెయ్యడానికి అరవై నాలుగేళ్ళు పట్టింది.

ఇక మన ప్రాంతానికి వస్తే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వేరే మేత్రాసనం, అంటే బిషప్పు పాలనా ప్రాంతం, 1993 జూలై 1న ఏర్పడింది. సరిగ్గా 36 రోజులకు రెండవ జాన్ పాల్ పోపు నైతిక సత్యం మీద తన పెద్ద లేఖ విడుదల చేశారు. నాకు తోచిందే సత్యం అనడం మనస్సాక్షి కాదన్నది అందులోని వాదం. ఒప్పుకుంటాను. అయితే మన పల్లెల్లో ఆ వాదం ఒక కాగితానికి తగిలి ఆగిపోతుంది.

రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛకు హామీ ఇచ్చింది. అది అమల్లోకి వచ్చిన 1950లోనే, ఆగస్టులో, షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. ఆ హోదా మొదట హిందువులకే. తరవాత 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవుడైన దళితుడు ఈనాటికీ బయటే, మన రాష్ట్రంలో బీసీ-సి. చెరువు దగ్గర కులం పోదు, కాగితంలోనే పోతుంది. అందుకే కొన్ని ఇళ్ళల్లో జ్ఞానస్నానం పుస్తకంలో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో మరో పేరు. వాళ్ళను అబద్ధికులనడం తేలిక. పిల్ల కాలేజీ సీటునూ తన ప్రార్థననూ ఒకే త్రాసులో పెట్టి ఏదో ఒకటి తీసుకోమని ఒక తండ్రిని అడిగాక స్వేచ్ఛ ఎంత మిగిలింది? భయం, ఒత్తిడి, సామాజిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించవచ్చని సత్యోపదేశం కూడా అంటుంది. ఆ కుల ధ్రువపత్రం మీద తండ్రి పెట్టిన సంతకంలో సగం బరువు ఉత్తర్వు రాసినవాళ్ళదే అంటాను. ఈ మాటతో వేదిక మీద ఉన్న ఒకరిద్దరు ఏకీభవించరని తెలుసు. భోజనాల దగ్గర తిట్టండి.

మళ్ళీ మామ్మ దగ్గరికి. నిన్న సాయంత్రం వెళ్ళి చెప్పాను, ఆ మాట నిన్ను కట్టెయ్యదు, నచ్చినవాళ్ళకు వేసుకోవచ్చని. శ్రద్ధగానే విన్నది. చింతపండు బుట్ట పక్కకు జరిపి అడిగింది: "అయితే మరి డబ్బులు తిరిగిచ్చీమంటారా? ఎవుడికిచ్చీది? మందులకైపోనాయి గదా."

దానికి నా దగ్గర జవాబు లేక లేచి వచ్చేశాను. నీతిశాస్త్రం చదివిన పెద్దలు మొదటి వరసలో ఉన్నారు. పత్రాలు మొదలుపెట్టే ముందు, ఎవరైనా ఆవిడకేం చెప్పాలో చెబితే సాయంత్రం వెళ్ళి అందజేస్తాను.