రెండు చక్రాలు, ఒక నక్షత్రం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేవీలో ఇరవై ఏళ్ళు చేశావు కదా, యుద్ధం గురించి చెప్పు, పిల్లలు కూడా వస్తారు అన్నారు. నేను విమానాలకి నట్లు బిగించినవాణ్ణే గానీ యుద్ధం చేసినవాణ్ణి కాను. 1971 యుద్ధం జరిగినప్పుడు ఈ బడిలోనే ఎనిమిదో తరగతి చదువుతున్నాను. కాబట్టి నేను చేసిన యుద్ధం కాకుండా, చదివి తెలుసుకున్న ఒక అడ్మిరల్ యుద్ధం గురించి చెబుతాను. దాని పక్కనే, యాభై ఏళ్ళకు పైగా నా దగ్గరే ఉండిపోయిన ఒక మాట కూడా చెప్పాలి. ఆ మాట విన్నవాడు ఈ సభలోనే ఉన్నాడు.

ఆ డిసెంబరు మా బ్యాచ్ వాళ్ళందరికీ గుర్తే. కిటికీలకు నల్ల కాగితాలు అంటించాం. లారీల హెడ్‌లైట్లకు సగం నల్లరంగు. సైరన్ మోగితే దీపాలార్పి గోడవార కూర్చునేవాళ్ళం. మూడో తేదీ అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. మా వీధిలో కిటికీ అద్దాలు అదిరాయి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బరు బయట మునిగిపోయిందని తర్వాత తెలిసింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మనవాళ్ళు, మైను పేలి మునిగిందని వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు.

ఘాజీ వచ్చింది విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఆ ఓడ ఇంకా విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా చేశారు. కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా కావాలని ఆర్డర్లు వేయించారు. బజారులో మాట పాకుతుందని ఆయనకు తెలుసు. మన బజారు సంగతి మీకు చెప్పాలా! విక్రాంత్ మీదున్న ఒక సెయిలర్ తల్లి ఆరోగ్యం గురించి వాకబు చేస్తున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా ఇప్పించారు.

ఇక అడ్మిరల్ దగ్గరికి వస్తాను. ఆయన పేరు అరుణ్ ప్రకాశ్. 2004 జులై నుంచి 2006 అక్టోబరు దాకా మన నౌకాదళ ప్రధానాధికారి. అంతకు ముందు ఈస్టర్న్ ఫ్లీట్ అధిపతిగా మన విశాఖలోనే పనిచేశారు. 1971లో ఆయన ఇరవై ఏడేళ్ళ లెఫ్టినెంటు. నేవీ పైలటు. నేవీ పైలటు అంటే యుద్ధంలో ఎక్కడుంటాడనుకుంటాం? ఓడ మీద. ఆయన ఓడ మీద లేరు, సముద్రం దరిదాపుల్లోనే లేరు. పఠాన్‌కోట్‌లో, వైమానిక దళానికి చెందిన 20వ స్క్వాడ్రన్‌లో ఉన్నారు. ఆ రోజుల్లో నేవీ పైలట్లను కొంతకాలం వైమానిక దళానికి పంపేవారు. అలా వెళ్ళి హంటర్ విమానం నడుపుతుండగా యుద్ధం వచ్చిపడింది.

అది చిన్న సంగతి కాదు. అక్కడ విక్రాంత్ యుద్ధానికి బయల్దేరింది. నేవీ పైలటుగా పుట్టినవాడు జీవితమంతా ఎదురుచూసేది దాని కోసమే. తనేమో కొండల మధ్య, వేరే యూనిఫాం వాళ్ళ మధ్య. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, నేనైతే తిట్టుకునేవాణ్ణి.

ఆ స్క్వాడ్రన్‌కు కమాండింగ్ ఆఫీసరు వింగ్ కమాండర్ సెసిల్ పార్కర్. ఆ యుద్ధంలో ఆయనకు మహావీర చక్ర వచ్చింది. రిటైరయ్యాక మన సికింద్రాబాద్‌లోనే స్థిరపడ్డారు. హంటర్ ముక్కు కింద నాలుగు ఫిరంగులు ఉంటాయి, 30 మిల్లీమీటర్లవి. నేల మీద ఆగి ఉన్న విమానం మీద ఒక్క క్షణం పేలినా అది మళ్ళీ లేవదు. కానీ అక్కడికి చేరడమే కష్టం. రాడార్‌కు దొరక్కుండా కొండల సందుల్లోంచి బాగా కిందుగా వెళ్ళాలి. చూపు క్షణం పక్కకు పోతే కొండకు కొట్టుకోవడమే. పెట్రోలు లెక్క తప్పితే తిరిగి రావడం ఉండదు. లెక్కల మాస్టారూ, ఈ లెక్కకు మళ్ళీ పరీక్ష రాసే అవకాశం ఉండదండీ.

అలా వెళ్ళిన వాటిలో ఒకటి రావల్పిండి పక్కనున్న చక్‌లాలా విమానాశ్రయం మీద దాడి. వాళ్ళు వెతుకుతున్నది హెర్క్యులస్ అనే పెద్ద రవాణా విమానాల కోసం. పాకిస్తాన్ వాటిని బాంబులు వేయడానికి కూడా వాడుతోంది. ఆ దాడిలో నేల మీదున్న ఒక చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానం కూడా తగలబడింది. అది ఎవరిదో తెలుసా? చక్ యేగర్‌ది. 1947 అక్టోబరు 14న ధ్వనికంటే వేగంగా విమానం నడిపిన మొట్టమొదటి మనిషి. మా నేవీ విమానాల వాళ్ళకు ఆయన సినిమా హీరో లాంటివాడు. ఆ సమయంలో అమెరికా తరఫున పాకిస్తాన్‌లో సైనిక సలహాదారుగా ఉన్నాడు. తన విమానం కాలిపోయిందని ఆయనకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా ఆజ్ఞ ఇచ్చి తన విమానాన్నే కొట్టించారని చాలా ఏళ్ళ తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు.  అరుణ్ ప్రకాశ్‌గారు ఎన్నో ఏళ్ళకు దీని గురించి ఒక వ్యాసం రాశారు. చదివితే నవ్వు ఆగదు. అంత కిందుగా, అంత వేగంగా వెళ్ళేవాడికి అది ఎవరి విమానమో చూసుకునే తీరిక ఎక్కడిది?

నాకు ఆ వ్యాసం నచ్చడానికి కారణం ఉంది. వీరచక్ర వచ్చిన మనిషి తన యుద్ధం గురించి అంత తేలిగ్గా, తనమీద తనే నవ్వుకుంటూ రాయడం నేనెక్కడా చూడలేదు. అవును, ఆ దాడులకు ఆయనకు వీరచక్ర ఇచ్చారు. తర్వాత వి.ఎస్.ఎం., ఎ.వి.ఎస్.ఎం., పి.వి.ఎస్.ఎం. వచ్చాయి. అవి సేవకు ఇచ్చేవి. వీరచక్ర ఒక్కటే శత్రువు ఎదుట నిలబడ్డందుకు ఇచ్చేది. పరమవీర చక్ర, మహావీర చక్ర తర్వాత మూడోది. అలా ఓడ మీదికి చేరాల్సిన పతకం ఒక నేవీవాడికి కొండల మీద దొరికింది.

ఇప్పుడు ఓడ దగ్గరికి. విక్రాంత్ మీద నుంచి దాడులు నడిపించింది 300 స్క్వాడ్రన్, వైట్ టైగర్స్ అంటారు. దాని నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తా. డిసెంబరు 4న తీరానికి 60 నాటికల్ మైళ్ళ దూరం నుంచి ఎనిమిది సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద పడ్డాయి. సాయంత్రం చిట్టగాంగ్. తర్వాత ఖుల్నా, మోంగ్లా. కింద నుంచి ఫిరంగుల కాల్పుల మధ్య రోజూ వెళ్ళి వచ్చారు. గుప్తాగారికి మహావీర చక్ర వచ్చింది. ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌గారికీ వచ్చింది. గుప్తాగారు కూడా తర్వాత అడ్మిరల్ స్థాయికి ఎదిగారు. పన్నెండేళ్ళ తర్వాత అదే 300 స్క్వాడ్రన్‌ను సీ హారియర్లతో అరుణ్ ప్రకాశ్‌గారు నడిపారు. 1983 డిసెంబరు 16న మొదటి హారియర్లు గోవాలో దిగినప్పుడు నేను అక్కడ హ్యాంగర్ ముందు స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. విమానం గాలిలో ఆగి, నిలువుగా కిందికి దిగుతుంటే చప్పట్లు కొట్టాలని కూడా తోచలేదు. ఆయన్ను నేను చూసింది అంత దూరం నుంచే.

ఇప్పుడు బాయిలర్ల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. విక్రాంత్ ఆవిరితో నడిచే ఓడ. 1970లో దాని బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో పగుళ్ళు బయటపడ్డాయి. వెల్డింగుతో పోయే పగుళ్ళు కావు. కొత్తవి ఇంగ్లండ్ నుంచి రావాలి, అవి రాలేదు. 1965 యుద్ధంలో కూడా విక్రాంత్ సముద్రంలోకి వెళ్ళలేదు. ఈసారీ వెళ్ళకపోతే తెల్ల ఏనుగు అంటారు, నేవీకి విమానాలెందుకు అంటారు. నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా, కెప్టెన్ హీరానందానీ లాంటివాళ్ళు పట్టుబట్టి, బాయిలర్ల ప్రెషర్ తగ్గించి, జాగ్రత్తలు తీసుకుని దాన్ని బయల్దేరదీశారు. పాతిక నాట్లు పోగల ఓడను 14 నాట్లకు కట్టేశారు.

విమానవాహక నౌకకు వేగం ఎందుకో పిల్లల కోసం చెబుతాను. డెక్కు మీద నుంచి విమానం లేవాలంటే దాని రెక్కల మీదుగా గాలి వీయాలి. కొంత గాలి ప్రకృతి ఇస్తుంది, కొంత ఓడ ఎదురుగా పరుగెత్తి పుట్టిస్తుంది, మిగతాది కాటపల్ట్ విసురు. గాలి లేని రోజున ఓడ కూడా నెమ్మదిగా పోతే బాంబులు తగ్గించుకోవాలి, లేదా లేవకుండా ఊరుకోవాలి. అంటే పైన పైలటు ప్రాణం కింద బాయిలర్ గదిలో ప్రెషర్ గేజ్ చూస్తున్నవాడి చేతిలో ఉంటుంది. ఆ గదిలో పనిచేసేవాడికి సముద్రం కనబడదు, ఆకాశం కనబడదు. పగుళ్ళున్న డ్రమ్ము పక్కనే నిలబడి ఆవిరి పుట్టిస్తాడు. అది పేలితే ముందు పోయేది తనే.

మా క్లాసులో ఒకడి తండ్రి ఆ గదిలో ఉన్నాడు. వాడి పేరు చెప్పను, మా బ్యాచ్ వాళ్ళకు తెలుసు. బాబాయిగారు అనేవాళ్ళం. యుద్ధం అయ్యాక సెలవు మీద వచ్చినప్పుడు మేం నలుగురం వాళ్ళింటికి పరుగెత్తాం. ఏమైనా చెప్పండి బాబాయిగారూ అంటే, “ఏముందిరా, బాగా ఉడికిపోయాం” అన్నారు. అంతే. విక్రాంత్‌లో పనిచేసినవాళ్ళకు రెండు మహావీర చక్రలు, పన్నెండు వీరచక్రలు వచ్చాయి. బాబాయిగారికి వాటిలో ఏదీ రాలేదు. తర్వాత పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ వచ్చాయి. పూర్వీ స్టార్ తూర్పు రంగంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చింది. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధ సమయంలో కొలువులో ఉన్నవాళ్ళకు.

పదో తరగతిలో ఉండగా మావాడు ఆ నక్షత్రాన్ని జేబులో పెట్టుకుని బడికి తెచ్చాడు. ప్రేయరుకు ముందు, ఆ వేపచెట్టు కింద చూపించాడు. నేను అప్పటికే పేపర్లో పతకాల గురించి చదివి పెద్ద తెలిసినవాణ్ణి. అందరి ముందూ, “ఇది అందరికీ ఇచ్చేదేరా, వీరచక్ర అయితే గొప్ప” అన్నాను. వాడు ఏమీ అనలేదు. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ తేలేదు.

ఆ తర్వాత నేను నేవీలో చేరాను. ఒకసారి విక్రాంత్‌లో పని పడితే నిచ్చెనలు దిగి బాయిలర్ గదికి వెళ్ళాను. మామూలు రోజు, యుద్ధం లేదు, పగుళ్ళు లేవు. అయినా పావుగంటకు చొక్కా పిండుకోవలసి వచ్చింది. అప్పుడు వేపచెట్టు గుర్తొచ్చింది. వాడికి ఉత్తరం రాద్దామనుకున్నాను, రాయలేదు. బాబాయిగారు పోయినప్పుడు నేను గోవాలో ఉన్నాను, సెలవు అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళేమో.

విక్రాంత్ 1997లో రిటైరైంది, 2014లో ముక్కలు చేశారు. ఆ ఇనుముతో ఒక మోటార్‌సైకిల్ కూడా చేశారు. మా అల్లుడు కొన్నాడు. దాని ట్యాంకు మీద చెయ్యి వేసినప్పుడల్లా ఇందులో బాయిలర్ గది ఎంత ఉందో అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే, ఒప్పుకుంటాను.

అరుణ్ ప్రకాశ్‌గారి చక్ర గొప్పదే, గుప్తాగారిది ఇంకా పెద్దది. అందులో నాకు సందేహం లేదు. అప్పుడూ నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అది ఎవరికి, ఎక్కడ చెబుతున్నానో చూసుకోలేదు. ఒరేయ్, మూడో వరుసలో కూర్చున్నావు, కనబడుతున్నావు. ఆ రోజు నేనన్న మాట తప్పురా. యాభై ఏళ్ళు పట్టింది ఈ మాట అనడానికి.

నేను బతిమాలితే వాడు ఆ నక్షత్రాన్ని ఇవాళ తెచ్చాడు. బాబాయిగారి బిస్కెట్ డబ్బాలోనే ఉంది. భోజనాలయ్యాక లైబ్రరీ గదిలో బల్ల మీద పెడతాడు. పిల్లలు వరుసలో వచ్చి చూడండి, చేతులు కడుక్కుని రండి.