చాటెల్ల కాపుదల కాదు



గోడచాటున నిలిచినవానికి గుండు తగులదని లోకము తలంచును. ఇది సగమే సత్యము. తుపాకిగుండు గట్టిరాతిని, కాంక్రీటును ఏటవాలుగా తాకినపుడు అందు దిగబడక మళ్లును. మళ్లినపిదప తరచుగా తాను తాకిన కోణముకంటె తక్కువ కోణముననే లేచి, గోడవెంబడినే పోవును. కావున గోడకు వీపానించి నిలుచువాడు చాటున గాక గుండుబాటలో నిలిచినవాడగును. గోడకు ఎడముగా నుండుమని పట్టణయుద్ధశిక్షణ బోధించుట యిందులకే.

1999 వ సంవత్సరమున కార్గిల్ శిఖరములపై మన సైనికులకు చెట్టు లేదు, పొద లేదు, బండలే చాటు. అట్టిచోట గురితప్పిన గుండును నిరపాయము కాదు. అది మళ్లి తగులవచ్చును. అది చిట్లించిన రాతిపెళ్ల కన్ను తీయవచ్చును. మట్టి యట్లు చేయదు. మట్టిసంచి గుండును మ్రింగును, రాయి యుమియును. రాతిగోడముందు మట్టిసంచులు పేర్చినచో ఈ యపాయము చాలవరకు తొలగును.

ధైర్యమును కొనియాడుట మనకు తెలియును. ధైర్యవంతుని కాపాడు విద్యయు తెలియవలదా? కావలివాని చేతికి తుపాకి యిచ్చు ప్రభుత్వము వానిముందు మట్టిసంచులను గూడ పేర్పింపవలెను. వీరునికి విగ్రహ మెత్తుటకంటె వీరుని ప్రాణములతో ఇంటికి చేర్చుట మిన్న.