స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మనం మారేదెలా?



ఈనాడు ఎంత చిన్న సంఘమైనా సభ్యుల రిజిస్టరు, స్కాలర్‌షిప్పుల జాబితా, చందాల లెక్క కంప్యూటరులోనే ఉంచుకుంటున్నది. ఆ లెక్క పదేళ్ల తర్వాత తెరవాలంటే ఒక కంపెనీకి ఏటేటా రుసుము కట్టవలసిందేనా? లేక ఎవరో ఇచ్చిన దొంగకాపీతో నెట్టుకు రావడమేనా? మూడో దారి ఒకటున్నదని మనవి చేయడానికే మేము మీ ముందు నిలబడ్డాము.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పథకాన్ని ప్రకటించారు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల చూసి మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు, మార్చినదాన్నీ పంచవచ్చు. ఇదీ దాని సారాంశం. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించారు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట. తెలుగులో ఆ తికమక లేదు. మనం కోరవలసింది స్వేచ్ఛ. సాధారణంగా ఉచితమూ దాని వెంటే వస్తుంది.

ఇది ఆచరణలో సాధ్యమేనా అంటారా? కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు లినక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. అక్కడ ముందుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో మారాలని నిర్ణయించి, వేలాది యంత్రాలను మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే పోవాలని తీర్మానించింది. కనుక సాఫ్ట్‌వేర్ దొరికినంత మాత్రాన సరిపోదు. నేర్పే మనిషి, ఓపికగల కమిటీ రెండూ కావాలి.

అందుచేత మెల్లగా అడుగు వేద్దాం. మొదట ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. తర్వాత ఇప్పుడున్న విండోస్‌లోనే లిబ్రె ఆఫీస్ పెట్టుకుని ఉత్తరాలు, పట్టికలు దానిలో రాయాలి. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పాత డి.టి.పి. ఫాంట్లలో కొట్టినది ఆ ఫాంటు లేని యంత్రంలో పిచ్చిగీతలుగా కనబడటం మనకందరికీ ఎరుకే. మండలి, గిడుగు, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు, ఉర్దూకు నోటో నస్తలీఖ్ స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. తెలుగు, ఉర్దూ ఒకే ఉత్తరంలో రాసుకోవచ్చు.

ఆ అలవాటు కుదిరాకనే లినక్స్. విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్ ఎక్కని పాత యంత్రాలను పారవేయనక్కరలేదు. 4 జి.బి. మెమరీ ఉంటే లినక్స్ మింట్ నడుస్తుంది. పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు, ఉన్నది చెక్కుచెదరదు. అయితే టాలీ విండోస్ కోసం చేసినది. అది తప్పనిసరి అయిన చోట ఆ ఒక్క యంత్రాన్ని అలాగే ఉంచుకోవడం మేలు.

ఇదంతా పైసల పొదుపు కోసమే కాదు. మన బిడ్డల పేర్లున్న జాబితా, దాతలిచ్చిన సొమ్ము లెక్క రేపు వచ్చే కార్యవర్గం కూడా ఎవరి అనుమతీ అక్కరలేకుండా తెరవగలగాలి. మన యువకుల్లో ఇద్దరు ముందుకొచ్చి ఈ పని నేర్చుకోవాలని కోరుతున్నాము.