ఆమెకి శక్తి వుందన్నదెవరు?

(నరసాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చేతబడి నవలల గురించీ, సినిమాల గురించీ మాట్లాడమని నన్ను అడిగారు. హక్కుల గురించి చర్చించుకునే చోట ఈ దెయ్యాల గొడవేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అవి వట్టి దెయ్యాల కథలే అయితే నేనూ ఆ మాటే అనేదాన్ని. కానీ వాటిలో చాలా కథలు వొక మామూలు మనిషికి ఎదుటివాళ్ల ప్రాణం తీసే శక్తి రావడం చుట్టూ తిరుగుతాయి. మన రాష్ట్రాల్లో చేతబడి పేరుతో ఆడవాళ్లని చంపినవాళ్లు చెప్పే కారణం కూడా సరిగ్గా అదే: "ఆమెకి శక్తి వుంది." అందువల్ల ఇది మన సంగతే.

ఈ కథలు మన గోదావరి వాళ్లకి కొత్త కాదు. వశిష్ఠ గోదావరికి ఆవల, రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' రాస్తే జనం విరగబడి చదివారు. కాష్మోరా అనే మాట ఇంటింటికీ తెలిసింది. 1986లో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. రంగనాయకమ్మగారు 'తులసిదళం'ని విమర్శిస్తూ ఏకంగా వొక పుస్తకమే రాశారు. ఆ చర్చ సద్దుమణిగింది గానీ కథలు ఆగలేదు. 2021లో వచ్చిన 'మా ఊరి పొలిమేర'లో ఆటో నడుపుకునే కొమురయ్య చేతబడి తెలిసినవాడు. 2023లో వచ్చిన 'విరూపాక్ష'లో చేతబడి చేశారని ఊరివాళ్లు వొక జంటని చంపేస్తారు. పన్నెండేళ్ల తర్వాత ఊళ్లో వరసగా చావులు మొదలవుతాయి. వాటికి కారణం ఆ జంట కూతురేనని చివర్లో తెలుస్తుంది.

ఇలాంటి కథలన్నిటికీ దాదాపు వొకటే అల్లిక వుంటుంది. మొదట, అంతు తెలియని చావు. రెండు, డాక్టరు చేతులెత్తేస్తాడు, పోలీసులకి ఏమీ అర్థం కాదు. మూడు, దీని వెనుక ఫలానా మనిషి వుందని తెలుస్తుంది. నాలుగు, ఆ మనిషి చస్తే తప్ప ఊరికి విముక్తి లేదు. మనం టికెట్ కొనుక్కుని, మూడో మెట్టు దగ్గర భయపడి, నాలుగో మెట్టు దగ్గర ఊపిరి పీల్చుకుని ఇంటికి వస్తాం.

ఇప్పుడు సినిమాని పక్కన పెట్టి ఊళ్లోకి రండి. వొక పిల్లకి జ్వరం వస్తుంది. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు వుండడు, వున్నా మందు వుండదు. పిల్ల చనిపోతుంది. ఎందుకు చనిపోయిందో తల్లికి చెప్పే నాథుడు లేడు. నెల తిరక్కుండా ఇంకో ఇంట్లో ఇంకో చావు. అప్పుడు ఎవరో వొక పేరు పలుకుతారు. ఆ నాలుగు మెట్లే, అదే వరసలో. తేడా వొక్కటే. సినిమాలో ఆ మనిషికి శక్తి వుంటుంది. ఊళ్లో ఆమెకి ఏ శక్తీ వుండదు. వుంటే ఆ రాత్రి తలుపులు విరగ్గొడుతున్నప్పుడు తన్ను తాను కాపాడుకునేది కదా!

తెలంగాణలో బాణామతి అంటారు, మన్యంలో చిల్లంగి అంటారు, ఇక్కడ చేతబడి అంటాం. పేరేదైనా జరిగేది వొకటే. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, చెట్టుకి కట్టి కొట్టడం, ఊరి నుంచి వెళ్లగొట్టడం, చంపడం. 2022 జనవరిలో జగిత్యాలలో తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ ఈ అనుమానంతోనే చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలంలో వొక స్త్రీ మీద పెట్రోలు పోసి తగలబెట్టారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద మంత్రవిద్య కారణంగా జరిగినవిగా రాసుకున్న హత్యలు 85. ఇవి కేసు పెట్టిన హత్యలు మాత్రమే. పళ్లు పోయి, ఊరు విడిచి, నోరు మూసుకుని బతుకుతున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

జగిత్యాలలో లాగా మగవాళ్లూ బలవుతున్నారు, కాదనను. కానీ ఆ వేలు ఎవరి వైపు తిరుగుతుందో గమనించండి. భర్త పోయి, అరెకరం పేరు మీద మిగిలిన ఆడది. కొడుకుల్లేని ముసలామె. కాన్పులు చేసి, పసర్లు ఇచ్చే మంత్రసాని. ఎవరికీ తలవంచకుండా మాట్లాడే మనిషి. ఆమె పోతే ఆ అరెకరం ఎవరికి చేరుతుందనేది చాలా కేసుల్లో మొదట అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకీ ఈ ఊరికీ వొక సంబంధం వుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం వచ్చి, ఇక్కడ లేసు అల్లే స్త్రీల గురించి 1982లో వొక పుస్తకం ప్రచురించారు. రోజంతా సూదీ దారంతో కుస్తీ పట్టే ఆడవాళ్లని 'గృహిణులు' అనీ, వాళ్ల పనిని 'తీరిక వేళ కాలక్షేపం' అనీ పిలవడం వల్లే వ్యాపారులు అంత తక్కువ కూలి ఇవ్వగలిగారని ఆమె చూపించారు. 1986లో ఆమె రాసిన మరో పుస్తకంలో యూరపులో మంత్రగత్తెలన్న ముద్ర వేసి స్త్రీలని వేటాడిన చరిత్ర వుంది. ఆ వేటలో మూడు నాలుగు శతాబ్దాల్లో 40 నుంచి 60 వేలమందిని చంపారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు.

ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వొకటి తోస్తుంది. స్త్రీకి నిజంగా వున్న శక్తిని, అంటే ఆమె శ్రమనీ నైపుణ్యాన్నీ, లేదని అంటారు. లేని శక్తిని మాత్రం వుందని అంటారు. మొదటి దానితో కూలి తగ్గిస్తారు, రెండో దానితో ప్రాణం తీస్తారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అల్లిన చేతికి గుర్తింపు వచ్చిందా అన్నది మీరే చెప్పాలి.

ఈ కథలు మనకి ఎందుకు నచ్చుతాయో కూడా దాచుకోకుండా చెప్పుకుందాం. రోజూ తన్నే మొగుడు, కూలి ఎగ్గొట్టే ఏజెంటు, ఫిర్యాదు తీసుకోని అధికారి – వీళ్ల ముందు నిలబడిన ఆడదానికి "నాకూ వొక శక్తి వుంటేనా" అనిపించడం సహజం. ఆ కోరికని నేను ఎగతాళి చెయ్యను. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించడానికి ఏ మంత్రమూ వేయలేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారాని నిషేధించేలా చేసింది. మామూలు మనుషులకి శక్తి వచ్చిన కథ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇక మనం చేయవలసిన పని. మనం సాధారణంగా నాలుగో మెట్టు దగ్గరికి, అంటే హత్య జరిగాక వెళతాం. మొదటి మెట్టు దగ్గరికి వెళ్లాలి. ఊళ్లో పిల్ల చనిపోయిందంటే దేనివల్ల చనిపోయిందో ఆరోగ్య శాఖ చేత చెప్పించాలి. ఆ ఖాళీని మనం నింపకపోతే భూతవైద్యుడు నింపుతాడు. ఎవరి పేరైనా బయటికి వచ్చిందని తెలిసిన రోజే ఆమె ఇంటికి నలుగురు వెళ్లి కూర్చోవాలి, పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి.

చట్టం సంగతి. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో దీనికి ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అటువంటిది రావాలని మనం అడగాలి. అంతవరకూ చేతులు ముడుచుకోనక్కర్లేదు. బాధితురాలు దళిత లేదా ఆదివాసీ స్త్రీ అయి, నిందితులు ఆ కులాలకీ తెగలకీ చెందనివాళ్లయితే, మంత్రగత్తె అని ముద్ర వేసి శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసించడమే 2015 సవరణ తర్వాత అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2024 జులై నుంచి అమల్లో వున్న భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్‌లో, కులం, లింగం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో అయిదుగురు లేక అంతకు మించి కలిసి చంపితే ఆ గుంపులో ప్రతి వొక్కరికీ మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడవచ్చు. "ఊరంతా చేసింది, ఎవరి మీద కేసు పెడతాం" అనే మాటని స్టేషన్‌లో ఇక ఒప్పుకోవద్దు.

సినిమాలు చూడొద్దని నేను అనను. చూడండి. చూసి వచ్చి, మీ సంఘంలో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కథలో డాక్టరు ఎందుకు ఓడిపోయాడు? ఆమెకి శక్తి వుందని మొదట అన్నదెవరు? ఆమె పోతే లాభం ఎవరికి? సినిమాలో వీటికి జవాబు దొరక్కపోవచ్చు. మీ ఊళ్లో మాత్రం తప్పకుండా దొరుకుతుంది.