పద్యం నోటికొస్తే భాష వచ్చినట్టేనా?



ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ కూడుకున్నామో ఆ సారు మాకు ఇంగ్లీషు చెప్పేవారు. పక్క గదిలో కూర్చున్నవాళ్లకు మాత్రం భాగోతం ఆడుతున్నట్టు వినిపించేది. ఆ చప్పుడును తలచుకుంటూ, మన వికారాబాద్, తాండూరు ప్రాంతంలో పరాయి భాషలు కథలతో, పద్యాలతో, నాటకాలతో ఎలా వచ్చాయో నాలుగు మాటలు చెబుతాను.

తాండూరు పిల్లలకు భాషల భయం లేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, తండాలో లంబాడీ, కాగ్నా నది వెంట కాస్త దూరం పోతే కన్నడం. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు. నేర్పించుకోవలసిన భాష ఎప్పుడూ సర్కారు కచేరీ నుంచే వచ్చింది.

నిజాం రాజ్యంలో 1880ల దాకా ఆ కచేరీ భాష ఫారసీ. ఫారసీ చదువులో ముందు చేతికొచ్చేది కవి సాదీ. ఆయన 1258లో పూర్తిచేసిన గులిస్తాన్ నిండా రాజులవీ ఫకీర్లవీ చిన్న చిన్న కథలు, మధ్యమధ్య పద్యాలు. అంతా కంఠస్థమే. అయితే ఆ కంఠస్థం ఊరికే పోలేదు. పెద్దయ్యాక ఉత్తరం రాసినా, నలుగురిలో మాట నెగ్గించుకోవాలన్నా సాదీయే అక్కరకొచ్చేవాడు.

తర్వాత కచేరీలోకి ఉర్దూ వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది, ఇంగ్లీషును తప్పనిసరి చేసింది. ఉర్దూను మన కుర్రవాళ్లు దరఖాస్తుల కోసమే చదివి ఊరుకోలేదు, గజళ్ల కోసమూ చదివారు. కచేరీ నుంచి వచ్చిన భాష కవిత్వమై మనసుకెక్కింది కాబట్టే దాశరథి చేతిలో ‘గాలిబ్ గీతాలు’ తెలుగయ్యాయి.

ఇంగ్లీషు మన ఊళ్లకు పాఠంకంటే ముందు రైల్లో దిగింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు లైను పడ్డాక స్టేషను, టికెట్టు, సిగ్నలు అనే మాటలు బడికి పోనివాళ్ల నోళ్లలోనూ ఆడాయి. బళ్లోకి వచ్చిన ఇంగ్లీషు పద్యం కథ వేరు. దాన్ని గురజాడ కంటే బాగా చూసినవారు లేరు. తొలిసారి 1897లో అచ్చయిన ఆయన నాటకం ‘కన్యాశుల్కం’లో వెంకటేశం అనే కుర్రాడి తల్లికి కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని ముచ్చట. వెంకటేశమూ, అతని గురువూ నోటికొచ్చిన పిల్లల పద్యాన్నీ, రీడరులోని వాక్యాలనూ సంభాషణలాగా ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. ప్రేక్షకులు నవ్వుతారు. నవ్వి ఇంటికొచ్చి మన పిల్లల చేత చుట్టాల ముందు అదే పని చేయిస్తాం!

గులిస్తాన్ కంఠస్థానికీ వెంకటేశం కంఠస్థానికీ తేడా ఇక్కడే ఉంది. ఒకటి మాటకు సాయమైంది, రెండోది మాటకు బదులైంది.

ఈ తేడా తెలిసినవాళ్లు పాఠ్యపుస్తకాలూ రాశారు. పిల్లల ఇంటి భాషలు తరగతికి అడ్డు కాదు, ఆస్తి అని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఆ బాటలో వచ్చిన మన పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో సినిమాల మీద ఏకంగా ఒక యూనిట్ ఉంది. సత్యజిత్ రాయ్ పక్కన ‘మాయాబజార్’, దాని వెంట సావిత్రి. ఘటోత్కచుణ్ణి ఎరిగిన పిల్లకు ఆ పాఠంలో కొత్తది ఇంగ్లీషొక్కటే. స్టాన్లీ హౌటన్ నాటకం ‘ది డియర్ డిపార్టెడ్’ కూడా అందులో ఉంది. తండ్రి పోయాడనుకుని ఆయన సామాన్లు పంచుకోబోయే కూతుళ్ల కథ. అది తెలియని ఊరేది? ఇక కొరియోగ్రఫీ అని ఒక పని పెట్టారు. కొందరు పద్యం చదువుతుంటే మిగతావాళ్లు దాన్ని ఒంటితో ఆడి చూపాలి. చిందు యక్షగానం చూసిన పిల్లలకు ఇది చేతకాని పనా?

మరి చాలా బడుల్లో ఏం జరిగింది? ఆడవలసినదాన్ని గైడులో చూసి రాశారు. పరీక్షకు చేతిరాత చాలు, గొంతు అక్కర్లేదు. వెంకటేశం మళ్లీ గెలిచాడు.

2022-23లో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలూ, కంది చేలలో కూలికి పోయేవాళ్ల పిల్లలూ లెక్కలు కూడా ఆ భాషలోనే చదవాలి. వాళ్లకు పద్యం, నాటకం పాఠాలైపోయాక మిగిలిన తీరికలో చేసుకునే సరదా కాదు. తప్పు మాట్లాడినా పాత్ర మీదికి పోయే చోటు అదొక్కటే.

ఈ సభలో ప్రధానోపాధ్యాయులు ఉన్నారు. సారు పేరు మీద మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. ఇంగ్లీషు పీరియడ్‌లో పక్క గదికి చప్పుడు వినిపిస్తే, దయచేసి పోయి తలుపు తట్టకండి.