కొద్దిపాటి సొమ్మును రైతు ఎచ్చట నుంచవలెను?

(రైతుల సమావేశమునకై వ్రాయబడిన ఉపన్యాసము)



పంట యమ్మిన దినమున చేతికి వచ్చు సొమ్మునకును, మృగశిర కార్తె ప్రవేశించు దినమున మిగిలియుండు సొమ్మునకును గల భేదము ఎల్లరకు తెలిసినదే. తెలంగాణమున వానకాలపు ధాన్యమును, పత్తియు ఎక్కువగా మార్గశిర పుష్య మాసములలో అమ్ముడుపోవును. విత్తనములు, ఎరువులు కొనవలసినది జ్యేష్ఠమున. నడుమ ఐదు నెలలు. పెండ్లిండ్లును, కొమురవెల్లి, ఏడుపాయల జాతరలును, రెండేండ్లకొకసారి మేడారమును ఈ ఐదు నెలలలోనే వచ్చును. ఏ రైతును బుద్ధిపూర్వకముగా దుర్వ్యయము చేయడు. ఇచ్చట నూరు, అచ్చట రెండు నూర్లు. రోహిణి ఎండలు ముదురునప్పటికి సొమ్ము కరగిపోవును. రైతు సాహుకారు అరుగుమీద కూర్చుండవలసి వచ్చును.

ఐదెకరముల పట్టాదారు నొకనిని ఉదాహరణముగా గైకొనుడు. ఇంటి గ్రాసమును, పాత బాకీలును పోగా అతనికి 30,000 రూపాయలు మిగిలినవనుకొందురు గాక. ఆ సొమ్ము జ్యేష్ఠమువరకు నిలిచినచో విత్తనపు ఖర్చు గడచిపోవును. నిలువనిచో అంత మొత్తమును నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తేవలెను. మరల పంట వచ్చుసరికి, ఏడు నెలలకు, వడ్డీయే 6,300 రూపాయలగును. ఆ 30,000 రూపాయలనే నూటికి సాలునకు నాలుగు రూపాయల వడ్డీ వచ్చు ఖాతాలో ఐదు నెలలుంచినచో వచ్చునది 500 రూపాయలు మాత్రమే. కావున ఇట్టి సొమ్మునకు అర్ధరూపాయి వడ్డీ ఎచ్చట హెచ్చుగా వచ్చునని వెదకుట రెండవ పని. ఎచ్చట నుంచినచో అది విత్తుకాలమువరకు కదలకుండునో చూచుట మొదటి పని.

సాహుకారు బాకీ ఇంకను తీరనిచో ముందుగా దానినే తీర్చవలెను. నెలకు మూడు రూపాయల వడ్డీని మాన్పించుటకంటె మించిన పొదుపు ఏ బ్యాంకులోను లేదు.

ఇక ఇంటిలో దాచుట. గల్లగురిగియు, ధాన్యపు గుమ్మియు, బీరువాయు సొమ్మును దొంగనుండి ఒకవేళ దాచునేమో గాని, దాచినవానినుండి దాచజాలవు. చెదలును, ఎలుకలును సరేసరి. నోట్లకు మరియొక ప్రమాదము కలదు. 1946లోను, 1978లోను పెద్దనోట్లు రద్దయినవి. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లుట మానినప్పుడు, భద్రముగ దాచిన సొమ్మునే బయటికి తీసి బ్యాంకుల యెదుట వరుసలలో నిలువవలసివచ్చినది.

అన్నింటికంటె పెద్ద చిక్కు చేబదులు. ఇంట రొక్కమున్నదని తెలిసిన పిదప బావమరిదికి లేదనుట ఎట్లు? లేదన్నచో అబద్ధము, ఇచ్చినచో జ్యేష్ఠమునకు తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు. గడువుమీద బ్యాంకులో వేసినవాడు ఆ మాటనే నిజముగా చెప్పగలడు, చుట్టరికమును చెడదు. గడువు డిపాజిట్టువలన కలుగు ఈ లాభము ఏ వడ్డీ పట్టికయందును కానరాదు.

బంగారము ఖర్చుకాక నిలుచు వస్తువే. కాని నగ చేయించినచో మజూరీ, తరుగు పోవును. విత్తుకాలమున దానిని అమ్ముటకు ఇంటివారి మనసొప్పదు. కుదువబెట్టి, తన సొమ్ముమీద తానే వడ్డీ కట్టవలసివచ్చును. పిల్ల పెండ్లికి బంగారము తగునేమో గాని పత్తివిత్తనములకు తగదు.

తపాలా కచేరి పొదుపు ఖాతాలు 1882లో ఏర్పడినవి. అందలి సొమ్మునకు ప్రభుత్వమే పూచీ. అయినను ఒక సంగతి గమనింపవలెను. తపాలాకచేరిలో ఒక సంవత్సరపు గడువుమీద వేసిన సొమ్మును ఆరు నెలలు నిండకుండ తీయరాదు. సంక్రాంతికి వేసినది జూలై నడిమికి గాని చేతికి రాదు. మృగశిర జూన్ 8వ తేదీ ప్రాంతముననే వచ్చును. అప్పుడు సొమ్ముండియు అప్పు చేయవలసివచ్చును. అచ్చట వేయదలచినవాడు రాబోవు సాలునకో, పిల్లల చదువునకో ఉద్దేశించిన భాగమునే వేయవలెను.

విత్తనపు సొమ్మునకు తగినది బ్యాంకులో గడువు డిపాజిట్టు. ఏడు దినములు మొదలుకొని కోరిన గడువుకు వేయవచ్చును. మే 25వ తేదీ ప్రాంతమున, అనగా రోహిణి కార్తె ప్రవేశించునప్పుడు, తీరునట్లు గడువు పెట్టించుకొనవలెను. నడుమ ఆపద వచ్చినచో కొంత వడ్డీ వదలుకొని తీసికొనవచ్చును. ఇది చేని చుట్టు వేసిన ముండ్లకంచె వంటిది: దూడను ఆపును, యజమాని అవసరము పడినప్పుడు తెరచుకొనును. అయితే ఈ డిపాజిట్టును సెల్‌ఫోను మీదనే రద్దుచేయు వీలున్నచో కంచెకు పెద్దగండి పడినట్లే. భార్యాభర్తల యిద్దరి పేర వేసి, ఇద్దరును సంతకము చేసిననే సొమ్ము ఇయ్యవలెనని ముందుగానే వ్రాయించుట మేలు. ఒకరికి ఆశ పుట్టిన దినమున రెండవవారికి పుట్టకపోవచ్చును.

భద్రత విషయమున: 2020 ఫిబ్రవరి 4వ తేదీనుండి, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిట్టుదారునకు అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల రూపాయలవరకు భీమా వర్తించుచున్నది. సహకార బ్యాంకులకును ఇది కలదు. గ్రామములోని ప్రాథమిక సహకార సంఘమునకు లేదు. కావున సంఘములో వేయువారు దాని లెక్కలు చదివించుకొని వినవలెను. 1982 నాటి చట్టము ప్రకారము రిజిస్టరు కాని చీటీలో విత్తనపు సొమ్మును ఎంతమాత్రము వేయరాదు.

నేడు కొనుగోలు కేంద్రములలో అమ్మిన ధాన్యపు సొమ్ము రైతు ఖాతాకే వచ్చుచున్నది. అది జమయైన మరునాడే, ఇంటికి తేకుండ, దంపతులిద్దరును బ్యాంకునకు పోయి విత్తనపు భాగమును వేరుచేయవలెను. గడువు తీరినప్పుడు సొమ్మును ఖాతాలో జమచేయవలెనని దరఖాస్తులోనే వ్రాయవలెను; లేనిచో డిపాజిట్టు తనంతట తాను మరియొక గడువునకు మారిపోవచ్చును. రసీదును పట్టాపుస్తకముతోబాటు ఉంచి, గడువు తేదీని గోడమీది పంచాంగమున రోహిణి కార్తె ప్రక్కన గుర్తుపెట్టుకొనవలెను.