చేసిన కష్టానికి పైసలు ఇవ్వకపోతే?



దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్నో హాస్టళ్లు ఉన్నాయి. కోచింగ్ కోసం ఊళ్ల నుంచి పిల్లలు వస్తారు. వాళ్లకు వండిపెట్టే ఆడవాళ్లున్నారు. బట్టలు కుట్టిచ్చే ఆడవాళ్లున్నారు. నెల తిరిగాక కొందరు పైసలు ఎగ్గొడతారు. అప్పుడు చట్టం ఏమంటుంది?

మొదట కుట్టుపని సంగతి. 1872లో కాంట్రాక్టు చట్టం వచ్చింది. కాంట్రాక్టు అంటే ఒప్పందం. నోటిమాట కూడా ఒప్పందమే. ఆ చట్టం 170వ సెక్షనులో దర్జీ ఉదాహరణే ఉంది. దర్జీ చెప్పిన రోజుకు, చెప్పినట్టు కుట్టాలి. అలా కుట్టాక, కూలి ఇచ్చేదాకా ఆ బట్టను తన దగ్గరే ఉంచుకోవచ్చు. అయితే అమ్ముకోరాదు. "మూడు నెలలకు ఇవ్వు" అని ముందే గడువిస్తే బట్టను ఆపే హక్కు పోతుంది.

ఇక మెస్సు, హాస్టలు. తిన్న అన్నాన్ని ఎవరు ఆపగలరు? పిల్ల పెట్టె మీద హాస్టలు అక్క ఏ పనీ చేయలేదు. కాబట్టి 170వ సెక్షను ఆ పెట్టెకు వర్తించదు. బాకీ ఉందని మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే అది నేరం. ఏడాది దాకా జైలు పడవచ్చు. పైసలు రావాల్సిందీ ఆమెకే, జైలూ ఆమెకే!

మరి బాకీ పోయినట్టేనా? పోలేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం దావా వేయడానికి మూడేండ్ల గడువుంది. అన్నం పైసలకు అన్నం పెట్టిన రోజు నుంచి లెక్క. గది కిరాయికి అది ఇవ్వాల్సిన రోజు నుంచి లెక్క. మొదటి నుంచీ ఎగ్గొట్టాలనే తిన్నవాళ్ల మీద పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. చేతిలో లేక ఇవ్వలేకపోతే అది మోసం కాదు, బాకీ.

ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టు ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు వకీలు ఉచితం. ఆదాయం ఎంతైనా సరే. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ రాజీపడితే ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానం.

అన్నిటికీ ఆధారం కావాలి. నోటు పుస్తకంలో పేరు, తారీకు, తిన్న పూటలు, ఇచ్చింది, బాకీ రాయండి. కింద సంతకం పెట్టించండి. గడువు లోపల బాకీ ఒప్పుకుని సంతకం చేస్తే, మూడేండ్లు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతాయి. మీకు రాయడం వచ్చింది. ఈ రోజు లెక్క ఈ రోజే రాయండి.